తుంటి ఎముక చచ్చుబడితే... మూలకణాల వైద్యం ఎంతవరకు?

మన ఇళ్ళలో ఎవరికైనా నడుం కింద నొప్పి వచ్చిందంటే దానికి పేరు మనమే పెట్టేస్తాం. వాతం అంటాం. పట్టేసిందంటాం. "స్కూటరు ఎక్కువ తోలుతున్నాడు, అందుకే" అంటాం. వాము వేసి కాచిన నూనె రాసి, వేడినీళ్ళ కాపడం పెట్టి, నాలుగు రోజులు చూద్దాం అనుకుంటాం. చాలా నొప్పులు అలాగే తగ్గిపోతాయి కూడా. కాని ఒక నొప్పి వుంది. అది గజ్జల్లో మొదలవుతుంది. తొడ ముందువైపు నుంచి మోకాలి దాకా పాకుతుంది. ముసలివాళ్ళకు కాదు, ముప్ఫై నలభై ఏళ్ళ వయసులో, చలాకీగా తిరిగే మనిషికి వస్తుంది. ఆ నొప్పి విషయంలో నాలుగు రోజులు చూద్దాం అనుకుంటూ నాలుగు నెలలు గడిపేస్తే, తరవాత ఎంత డబ్బు పోసినా తిరిగి రానిది ఒకటి చెడిపోతుంది. అది తుంటి ఎముక గుండ్రదనం.

ఈ జబ్బుని డాక్టర్లు ఎవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు. పలకడం కష్టం గనక అందరూ ఎ.వి.ఎన్. అంటున్నారు. రక్తం అందక ఎముక చచ్చిపోవడం అని దాని అర్థం. ఈమధ్య దీనికి స్టెమ్ సెల్స్ వైద్యం, అంటే మూలకణాల వైద్యం వుందనీ, ఆపరేషనే అక్కర్లేదనీ పేపర్లలోనూ, చేతిలో ఫోనులోనూ ప్రకటనలు కనిపిస్తున్నాయి. అవి చూసి గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధపడే ఇల్లాళ్ళూ వున్నారు. ఇది మాయ వైద్యమని కొట్టిపారేయడం సరికాదు. సర్వరోగ నివారిణి అని నమ్మడమూ సరికాదు. ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు పనికిరాదు అన్నది తెలుసుకుంటే చాలు. ఈవేళ అదే చెప్పుకుందాం.

ముందుగా ఒక సంగతి. ఎముక అంటే రాయిలాంటిదని మనకొక అభిప్రాయం. అది సరికాదు. ఎముక ప్రాణమున్న వస్తువు. అందులో రక్తనాళాలున్నాయి, కణాలున్నాయి. పాతబడిన ఎముకను కొద్దికొద్దిగా కరిగించే కణాలు కొన్ని, ఆ ఖాళీలో కొత్త ఎముక కట్టే కణాలు కొన్ని, పగలూ రాత్రీ పని చేస్తూనే వుంటాయి. మనం ఏటా ఇంటికి మరమ్మతు చేయించుకున్నట్టు, శరీరం తన ఎముకలను తనే బాగుచేసుకుంటూ వుంటుంది. ఆ పని సాగాలంటే రక్తం అందాలి. రక్తం ఆగితే మరమ్మతూ ఆగుతుంది.

ఇక తుంటికీలు సంగతి. రుబ్బురోలును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రోట్లో గుంట వుంటుంది, ఆ గుంటలో పొత్రం తిరుగుతుంది. దాన్ని తలకిందులు చేసి వూహించుకోండి. పైన కటి ఎముకలో గిన్నెలాంటి గుంట. కింద తొడ ఎముక చివర బంతిలాంటి తల. ఆ బంతి ఆ గిన్నెలో సాఫీగా తిరుగుతుంది గనకనే మనం నడవగలుగుతున్నాం, మఠం వేసుక్కూర్చోగలుగుతున్నాం, పీటమీద కూర్చుని లేవగలుగుతున్నాం. పొత్రం ఒకవైపు అరిగి పలకబారితే పిండి ఎలా రుబ్బుతుందో మీకు తెలుసు. బంతి పలకబారితే తుంటి కూడా అంతే.

ఈ బంతికి రక్తం ఎలా వస్తుందో చూడండి. అందులో ఎక్కువ భాగం తొడ ఎముక మెడను అంటిపెట్టుకుని పైకి పాకే సన్నని నాళాల ద్వారానే రావాలి. నాలుగంతస్తుల మేడలో పైవాటాకు ఒకే ఒక సన్నని పైపు వేస్తే ఎలా వుంటుంది? ఆ పైపులో కాస్త నలక అడ్డుపడ్డా పైవాళ్ళ కుళాయి ఎండిపోతుంది. కిందివాటా వాళ్ళకు తెలియనే తెలియదు. శరీరంలో మిగతా ఎముకలకు లేని ఇబ్బంది ఈ బంతికి ఎక్కువగా రావడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

రక్తం ఆగిన ఒకటి రెండు రోజుల్లోనే లోపలి కణాలు చనిపోతాయి. కాని ఎముక వెంటనే కూలిపోదు. చెద పట్టిన ద్వారబంధం చూశారా? రంగు అలాగే వుంటుంది, నిలబడే వుంటుంది. వేలుతో నొక్కితే లోపలికి దిగుతుంది. చచ్చిన ఎముక కూడా కొన్నాళ్ళు అలాగే నిలబడి వుంటుంది. శరీరం వూరుకోదు. చచ్చిన ఎముకను తొలగించి కొత్తది కట్టాలని చూస్తుంది. చిక్కేమిటంటే తొలగించడం త్వరగా సాగుతుంది, కట్టడం నిదానంగా సాగుతుంది. ఆ మధ్యకాలంలో బంతి లోపల బలహీనపడుతుంది. మనం నడిచేటప్పుడు ఒక్కొక్క అడుగుకీ తుంటిమీద మన బరువుకు రెండున్నర మూడు రెట్లు భారం పడుతుంది. బలహీనపడిన బంతి ఆ భారం ఎంతకాలం మోస్తుంది? పైపెంకు కింద సన్నగా చీలుతుంది. ఎక్స్‌రేలో ఆ చీలిక నెలవంకలా కనిపిస్తుంది. ఆపైన పెంకు దిగబడి బంతి పలకబారుతుంది.

ఈ దిగబడడమన్నది బాగా గుర్తుంచుకోండి. తరవాత చెప్పబోయేదంతా దీనిమీదే ఆధారపడి వుంది.

రక్తం ఎందుకు ఆగుతుందంటారా? బస్సు ప్రమాదంలోనో, మెట్లమీంచి పడో తొడ ఎముక మెడ విరిగినా, తుంటి బంతి గిన్నెలోంచి తప్పుకున్నా ఆ సన్నని నాళాలు తెగిపోవచ్చు. ఇది ఒక కారణం. ఏళ్ళ తరబడి అతిగా సారాయి, బ్రాందీలు తాగడం మరో కారణం. మన మన్యం ప్రాంతాల్లోనూ, ఆదిలాబాదు వైపు గిరిజనుల్లోనూ కనిపించే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బులో ఎర్రకణాలు కొడవలిలా వంకరపోయి సన్నని నాళాలకు అడ్డుపడతాయి. అలాటివాళ్ళకు చిన్న వయసులోనే ఈ తుంటి జబ్బు రావచ్చు. ఏ కారణమూ తెలియకుండా వచ్చేవాళ్ళూ వున్నారు.

అన్నిటికంటే మన ఇళ్ళకు దగ్గరగా వున్న కారణం స్టెరాయిడ్ మందులు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ అనేవి ఈ జాతివి. ఇవి చెడ్డ మందులని అనడంలేదు సుమా! ఉబ్బసం ముదిరినప్పుడు, లూపస్ లాంటి జబ్బుల్లో, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకు ఇవి ప్రాణం నిలబెడతాయి. ఎక్కువ మోతాదులో, వారాలూ నెలలూ వాడినప్పుడు కొందరికి మాత్రం తుంటి ఎముకకు రక్తం తగ్గుతుంది. 2021లో ముంబయి హిందూజా ఆస్పత్రి డాక్టర్లు ఒక వైద్య పత్రికలో ముగ్గురు రోగుల గురించి రాశారు. ముగ్గురూ నలభై ఏళ్ళ లోపువాళ్ళే. కోవిడ్ వచ్చినప్పుడు ప్రాణం కాపాడడానికి స్టెరాయిడ్లు వాడారు. కోవిడ్ తగ్గింది. కొన్ని వారాల తరవాత తొడలో నొప్పి మొదలైంది. పరీక్ష చేస్తే ఎ.వి.ఎన్. అని తేలింది. ఆ తరవాతే ఈ పేరు మన వూళ్ళలో కూడా అందరి నోటా పడింది.

అంచేత రెండు మాటలు. డాక్టరు రాసిన స్టెరాయిడ్‌ను భయపడి మీ అంతట మీరు ఆపెయ్యకండి. ఒక్కసారిగా ఆపడం చాలా ప్రమాదం. ఆ మాట డాక్టరుతోనే మాట్లాడండి. రెండోది, డాక్టరు రాయని స్టెరాయిడ్‌ను ఇంట్లోకి రానివ్వకండి. "ఒక్క మాత్రతో కీళ్ళనొప్పులు మాయం" అంటూ ఇచ్చే పేరులేని పొట్లాలు, సన్నగా వున్న పిల్లకు ఒళ్ళు వస్తుందని ఎవరో చెప్పిన మాత్రలు, ఉబ్బసానికని చీటీ లేకుండా అమ్మే పొడులు. వీటిలో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు వున్నాయి. వేసుకోగానే హాయిగా వుంటుంది. అందుకే మనం మోసపోతాం.

గుర్తుపట్టడం ఎలా? మామూలు నడుంనొప్పి వెనకవైపు, పిరుదుల్లో వుంటుంది. ఈ నొప్పి సాధారణంగా ముందువైపు, గజ్జల్లో వుంటుంది. ఒక్కొక్కప్పుడు మోకాలే నొప్పెడుతుంది. మోకాలికి ఎక్స్‌రే తీస్తే ఏమీ వుండదు, అసలు సంగతి పైన తుంటిలో వుంటుంది. మఠం వేసుకుని కూర్చోబోతే ఒక మోకాలు నేలవైపు దిగదు. గొంతుక్కూర్చోడం కష్టమవుతుంది. చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగితే పట్టేస్తుంది. నడకలో కొద్దిగా కుంటు వస్తుంది. "ఏమిట్రా, కాలీడుస్తున్నావ్?" అని ఇంట్లో అమ్మే ముందు అడుగుతుంది. ఆ కన్ను మనది. ఇలాటి నొప్పి రెండు మూడు వారాలు దాటి వుంటే, అందులోనూ ఆ మనిషి గత రెండు మూడేళ్ళలో స్టెరాయిడ్లు వాడి వుంటే, ఎముకల డాక్టరుకు చూపించాలి.

ఇక్కడే చాలామంది కాలం పోగొట్టుకుంటారు. ఎక్స్‌రే తీయిస్తారు. "ఏమీ లేదమ్మా, బాగానే వుంది" అంటారు. చెద పట్టిన ద్వారబంధానికి పైన రంగు బాగానే వుంటుందని చెప్పుకున్నాం కదా! మొదటి దశలో ఎక్స్‌రేకి ఈ జబ్బు దొరకదు. ఎమ్మారై పరీక్షలో దొరుకుతుంది. అంచేత ఎక్స్‌రే బాగున్నా నొప్పి తగ్గకపోతే, "డాక్టరుగారూ, ఈయన స్టెరాయిడ్లు వాడారు, ఎమ్మారై అవసరమంటారా?" అని మీరే అడగండి. అడగడంలో తప్పులేదు. ఒక వైపే నొప్పి వున్నా రెండు తుంట్లూ చూపించమనండి. స్టెరాయిడ్ల వల్ల వచ్చినవాళ్ళలో చాలామందికి రెండు వైపులా వుంటుంది.

డాక్టర్లు ఈ జబ్బుని నాలుగు దశలుగా చెప్తారు. మొదటి దశలో ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు, ఎమ్మారైలోనే తెలుస్తుంది. రెండో దశలో ఎక్స్‌రేలో మచ్చలూ మరకలూ కనిపిస్తాయి, కాని బంతి గుండ్రంగానే వుంటుంది. మూడో దశలో ఆ నెలవంక చీలిక వచ్చి, బంతి దిగబడడం మొదలవుతుంది. నాలుగో దశలో బంతితోపాటు గిన్నె కూడా పాడై కీలంతా అరిగిపోతుంది. రెండో దశకూ మూడో దశకూ మధ్య ఒక గీత వుంది. ఆ గీతకు ఇవతల వైద్యం వేరు, అవతల వైద్యం వేరు.

ఇప్పుడు మూలకణాల మాట. మన శరీరంలో చాలా కణాలు ఒకే పనికి అలవాటుపడి వుంటాయి. చర్మకణం చర్మమే, కండకణం కండే. మూలకణాలు అలా కాదు. అవి తమలాంటివాటిని పుట్టించుకోగలవు, అవసరాన్నిబట్టి వేరే రకం కణాలుగా మారనూ గలవు. ఎముక లోపల వుండే మెత్తని మూలుగలో ఇలాటివి వున్నాయి. ఆ మూలుగలో ఎముకను కట్టగల కణాలున్నాయని మాస్కోలో పనిచేసిన అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టెయిన్ అనే శాస్త్రజ్ఞుడు 1960, 70 దశాబ్దాల్లో తన ప్రయోగాలతో చూపించాడు. అయితే ఇవి చాలా తక్కువ. మూలుగలో లక్ష కణాలు తీస్తే అందులో ఒకటి మొదలు పది వరకు మాత్రమే ఇలాటివి వుంటాయి.

పాలు తోడుపెట్టడం మనకు రోజూ వున్న పనే. గిన్నెడు పాలలో చెంచాడు తోడు వేస్తాం. ఆ చెంచాడూ మొత్తం పాలను పెరుగు చేస్తుంది. మూలకణాల వైద్యంలో ఆలోచన దాదాపు అలాటిదే. చచ్చుబడిన చోట ఎముక కట్టే కణాలు లేకుండా పోయాయి గనక, రోగి శరీరంలోనే మరోచోటి నుంచి వాటిని తెచ్చి అక్కడ వేస్తే, అవి కొత్త ఎముక కట్టుకుంటాయని ఆశ.

దీన్ని ఎలా చేస్తారో చూద్దాం. రోగికి మత్తు ఇస్తారు. మనం బిందె ఎత్తి పెట్టుకునే చోట చేతికి తగులుతుందే, ఆ కటి ఎముక అంచులోంచి లావాటి సూదితో మూలుగ తీస్తారు. ఒక్కొక్క తుంటికి సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే దాదాపు ఒక చిన్న గ్లాసెడు తీస్తారు. దాన్ని గిరగిర తిప్పే యంత్రంలో పెట్టి, మజ్జిగలోంచి వెన్న తీసినట్టు, అక్కరకొచ్చే కణాలున్న భాగాన్ని వేరుచేస్తారు. తరవాత తొడ పక్కనుంచి ఎముకలోకి సన్నగా రంధ్రం చేసి, ఎక్స్‌రే తెరమీద చూసుకుంటూ, చచ్చుబడిన చోటుకు ఆ కణాలు చేరుస్తారు. ఆ రంధ్రం చెయ్యడం ఒక్కటే కూడా ఒక వైద్యమే. ఎముక లోపల పెరిగిన ఒత్తిడి తగ్గి నొప్పి నెమ్మదిస్తుంది. దాన్ని కోర్ డికంప్రెషన్ అంటారు. మూలకణాలు దానికి చేర్చిన తోడన్నమాట.

చూశారా, "ఆపరేషను లేకుండా" అన్న ప్రకటన ఎంతవరకు నిజమో! ఇది పెద్ద కోత కాదు, కాని ఆపరేషనే. మత్తు వుంది, ఎముకలో రంధ్రం వుంది, ఆ తరవాత కొన్ని వారాలు చంకకర్రలతో నడవడం వుంది. చేతి నరానికో, పిరుదుకో ఇంజెక్షను ఇచ్చి తుంటి ఎముక బాగుచేస్తామని ఎవరైనా అంటే, అది నేను చెప్తున్న వైద్యం కాదు.

మరి ఫలితాలో? పారిస్ దగ్గర క్రెతెయ్ పట్టణంలో హెన్రీ మోందోర్ ఆస్పత్రి వుంది. అక్కడ ఫిలిప్ ఎర్నిగూ అనే డాక్టరు ఈ వైద్యాన్ని ముందుగా పట్టుదలతో చేసి, లెక్కలు రాసిపెట్టాడు. 2002లో ఆయన ప్రకటించిన లెక్క చూడండి. 116 మంది రోగులు, 189 తుంటికీళ్ళు. అయిదునుంచి పదేళ్ళు కనిపెట్టి చూశారు. బంతి దిగబడకముందే వైద్యం చేసినవి 145. వాటిలో తరవాత కీలు మార్చవలసి వచ్చినవి తొమ్మిదే. బంతి దిగబడ్డాక చేసినవి 44. వాటిలో 25 కీళ్ళు మార్చవలసి వచ్చింది. డాక్టరు అదే, వైద్యం అదే, కణాలూ అలాటివే. మారింది వేళ ఒక్కటే.

రంధ్రం ఒక్కటీ చేస్తే చాలదా, కణాలు కూడా ఎందుకు అని అడగవచ్చు. దానికీ లెక్క వుంది. స్టెరాయిడ్ల వల్ల రెండు తుంట్లూ చెడిన 125 మందికి ఎర్నిగూ బృందం ఒక వైపు రంధ్రం మాత్రం చేసి, రెండోవైపు రంధ్రంతోపాటు కణాలు వేసింది. ఇరవై ముప్ఫై ఏళ్ళు కనిపెట్టుకుని వుండి 2018లో ఫలితం చెప్పింది. రంధ్రం మాత్రం చేసిన వైపు నూటికి 72 బంతులు దిగబడ్డాయి. కణాలు వేసిన వైపు నూటికి 28. బ్రస్సెల్స్‌లో 2004లో పద్దెనిమిది తుంట్లమీద చేసిన చిన్న పరీక్షలో కూడా, రెండేళ్ళలో కణాలు వేసిన పదింటిలో ఒకటీ, వెయ్యని ఎనిమిదింటిలో అయిదూ మూడో దశకు దిగజారాయి.

అయితే అన్నిచోట్లా ఇదే ఫలితం వచ్చిందనుకోకండి. 2016లో జర్మనీలో చేసిన ఒక చిన్న పరీక్షలో కణాలు వేసినవాళ్ళకూ వెయ్యనివాళ్ళకూ తేడా కనిపించలేదు. బెల్జియంలో మూడో దశ రోగులకే ప్రత్యేకంగా చేసిన పరీక్ష ఫలితం 2018లో వచ్చింది. కణాల వల్ల ఆ దశలో ప్రయోజనం లేదని తేలింది. ఇంకొకటి. అతిగా తాగేవాళ్ళకూ, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్ళకూ సొంత మూలుగలోనే మూలకణాలు తక్కువగా వుంటాయని ఎర్నిగూ గమనించాడు. తోడు పలచబడితే పెరుగు గట్టిగా తోడుకోదు గదా!

ఇదంతా కలిపి చూస్తే తేలేదేమిటి? బంతి గుండ్రంగా వున్నంతవరకు ఈ వైద్యానికి ఒక అర్థం వుంది. తప్పక నయమవుతుందని కాదు, నయమయ్యే అవకాశం పెరుగుతుందని. బంతి దిగబడ్డాక మూలకణాలు దాన్ని తిరిగి గుండ్రంగా చెయ్యలేవు. విరిగిన పాలలో ఎంత మంచి తోడు వేసినా పెరుగవదు. కాచి చల్లార్చిన పాలు విరగకముందే తోడు వెయ్యాలి. ప్రకటనలు చెప్పని మాట ఇదే. ఆ మాట చెప్పకుండా మూడో దశ దాటినవాళ్ళ దగ్గరా, నాలుగో దశలో వున్నవాళ్ళ దగ్గరా కూడా డబ్బు తీసుకునేవాళ్ళున్నారు.

మన దేశంలో నియమాలున్నాయి. 2017లో భారత వైద్య పరిశోధనా మండలి, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కలిసి మూలకణాలపై మార్గదర్శకాలు ప్రకటించాయి. రక్తానికి సంబంధించిన జబ్బుల్లో చేసే మూలుగ మార్పిడి తప్ప మిగతా మూలకణాల వైద్యాలు ఇంకా ప్రయోగదశలోనే వున్నాయనీ, వాటిని అనుమతి పొందిన పరీక్షలుగానే చెయ్యాలనీ, అలాటి పరీక్షలో చేరిన రోగి దగ్గర డబ్బు వసూలు చెయ్యకూడదనీ అందులో వుంది. అదే 2017లో, రోగి సొంత మూలుగలోంచి తీసి ప్రయోగశాలలో పెంచిన ఎముక కణాలను ఈ జబ్బుకు వాడడానికి కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఒక కంపెనీకి అనుమతి ఇచ్చారు. అంచేత "స్టెమ్ సెల్స్" అన్న ఒక్క మాట కింద రకరకాల వైద్యాలు అమ్ముడవుతున్నాయి. మీకు చెప్తున్నది ఏ రకమో మీరు తెలుసుకోవాలి.

డబ్బు కట్టేముందు ఈ అయిదు ప్రశ్నలూ ఒక కాగితంమీద రాసుకుని డాక్టరును అడగండి. ఒకటి, మా వారి జబ్బు ఎన్నో దశలో వుంది, బంతి దిగబడిందా లేదా? రెండు, కణాలు ఎక్కడినుంచి తీస్తారు, ఎక్కడ వేస్తారు? మూడు, ఇది అనుమతి పొందిన వైద్యమా, లేక పరీక్షా? పరీక్షయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నమోదు సంఖ్య ఎంత? నాలుగు, కణాలు వెయ్యకుండా రంధ్రం మాత్రం చేస్తే మా వారి విషయంలో ఎంత తేడా వుంటుంది? అయిదు, ఇది ఫలించకపోతే తరవాత ఏం చెయ్యాలి? మంచి డాక్టరు వీటికి విసుక్కోడు. "రేపటికి ఆఫరు అయిపోతుంది, ఇవాళే కట్టండి" అని ఎవరైనా తొందరపెడితే, నమస్కారం పెట్టి లేచి రండి. మరో పెద్ద ఆస్పత్రిలో ఇంకొక ఎముకల డాక్టరు అభిప్రాయం తీసుకోండి. జబ్బు తొందరపెట్టే మాట నిజమే. కాని ఆ తొందర వారాల లెక్కలో వుంటుంది గాని, గంటల లెక్కలో కాదు. రెండో డాక్టరును అడగడానికి వ్యవధి వుంటుంది.

ఈ సందర్భంలో గర్భిణీ స్త్రీలకు వచ్చే ప్రకటనల మాట కూడా చెప్పాలి. కాన్పు సమయంలో బొడ్డుతాడు రక్తం దాచిపెడితే పిల్లవాడికి రేపు ఏ జబ్బు వచ్చినా పనికొస్తుందంటారు. తుంటి జబ్బుకు వాడే కణాలు ఆ మనిషి ఎముకలోంచే తీస్తారని విన్నారు కదా! దీనికోసం బొడ్డుతాడు దాచవలసిన పనిలేదు. ఎవరి బొడ్డుతాడు రక్తం వారి భవిష్యత్తుకే దాచుకోవడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని ఇందాక చెప్పిన మార్గదర్శకాలే అంటున్నాయి.

అయితే గీత దాటినవాళ్ళ గతేమిటి? నిరాశపడవలసింది లేదు. పాడైన బంతినీ గిన్నెనూ తీసి కృత్రిమ కీలు అమర్చే ఆపరేషను వుంది. ఇంగ్లండులో సర్ జాన్ చార్న్‌లీ 1962లో దాన్ని ఒక దారికి తెచ్చాడు. ఇవాళ మన హైదరాబాదు, విశాఖ, విజయవాడల్లో కూడా మామూలుగా జరుగుతోంది. అమర్చిన కీళ్ళలో నూటికి 58 పాతికేళ్ళు కూడా పనిచేస్తున్నాయని 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద లెక్క చెప్తోంది. డెబ్భై ఏళ్ళవారికి అది జీవితాంతం సరిపోవచ్చు. ముప్ఫై అయిదేళ్ళ మనిషికి మాత్రం మళ్ళీ ఒకసారి మార్చవలసి రావచ్చు. చిన్న వయసువాళ్ళకు సొంత బంతిని నిలబెట్టుకోవడానికి డాక్టర్లు అంత పాటుపడేది అందుకే. కాని అది నిలబడే స్థితి దాటిపోయాక, కీలుమార్పిడికి పెట్టవలసిన డబ్బును ఫలితంలేని కణాలకు పెట్టి, ఆరు నెలలు కుంటుతూ కూర్చోవడం తెలివైన పని కాదు.

ఇంట్లో మనం చెయ్యగలిగినవి కొన్ని వున్నాయి. నొప్పివున్న మనిషిచేత బరువులు మోయించకండి. నేలమీద కూర్చోవడం, గొంతుక్కూర్చోడం మాన్పించి కుర్చీ, కమోడు వాడనివ్వండి. డాక్టరు కర్ర పట్టుకోమంటే నామోషీ పడనివ్వకండి. నొప్పి ఒక వైపున వుంటే కర్ర రెండో వైపు చేతిలో వుండాలి. తాగుడు, సిగరెట్టు మాన్పించాలి. అవి సాగుతూ వుంటే ఏ వైద్యమూ నిలవదు. నూనె మర్దనా వల్ల కండరాలకు సుఖంగా వుండవచ్చు, కాని తుంటి బంతికి రక్తం రాదు. కాలు గుంజి సరిచేస్తామనేవాళ్ళ దగ్గరకు మాత్రం తీసుకువెళ్ళకండి. అయితే ఇవన్నీ భారం తగ్గించడానికే. వీటితోనే జబ్బు ఆగుతుందనుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళడం వాయిదా వెయ్యకూడదు.

చివరగా మరొకటి. రేషను కార్డు, కరెంటు బిల్లులు జాగ్రత్తగా ఫైలు పెట్టేది ఇంట్లో ఇల్లాలే కదా! అలాగే ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక మందుల ఫైలు పెట్టండి. ఆస్పత్రిలో ఇచ్చిన డిశ్చార్జి కాగితాలు, మందు చీటీలు పారెయ్యకండి. ఏ నెలలో, ఏ స్టెరాయిడ్, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది అందులో వుంటుంది. రెండేళ్ళ తరవాత గజ్జల్లో నొప్పి అని ఆ మనిషి అన్ననాడు, డాక్టరు ముందు ఆ కాగితం పెడితే ఆయన ఆలోచన సూటిగా తుంటిమీదికి వెళ్తుంది. ఎమ్మారై ఆ వారమే అవుతుంది. బంతి ఇంకా గుండ్రంగా వుండగానే జబ్బు దొరికితే, రంధ్రం చెయ్యాలా, కణాలు వెయ్యాలా అని ఆలోచించుకునే అవకాశం మీ చేతిలో వుంటుంది. ఆ అవకాశం ఏ ప్రకటనా అమ్మలేదు, ఏ గాజులు పెట్టినా కొనలేం.